జటలు – విడివెండ్రుకలు

కేశసంరక్షణమును గూర్చి సోదరీమణులకు క్రొత్తగా చెప్పవలసిన దేమున్నదని తోచవచ్చును. తలంటుట, చిక్కుదీయుట, జడవేయుట తల్లి చేతినుండి బిడ్డ చేతికి వచ్చిన విద్యలే. కాని యా విద్యలన్నియు దువ్వెన నాశ్రయించుకొని యున్నవి. దువ్వెన తాకని తలను పోషించు విధము మన యిండ్లలో నేర్పువారు తక్కువ. అట్టి తలలు నేడు మన గడప లోనికి వచ్చుచున్నవి గావున నీ విషయమును గూర్చి కొంత వ్రాయదలచితిమి.

హైదరాబాదు విమానాశ్రయము 2008 మార్చి నెలలో బేగంపేటనుండి శంషాబాదునకు మారినది. విదేశములలో చదువుకొని యా దారిని ఇల్లు చేరు పిల్లలలో కొందరు జుట్టును జటలుగా పెంచుకొని వచ్చుచున్నారు. వీనిని డ్రెడ్‌లాక్స్ అందురు. జమైకా ద్వీపమున 1930 తరువాత పుట్టిన రాస్తఫారీ మతస్థుల వలన నీ కేశధారణము లోకమున ప్రసిద్ధి కెక్కినది. అట్టి మనుమరాలిని చూచి అమ్మమ్మ “ఇదేమి వేషమే తల్లీ!” యని నొచ్చుకొనును. ఆ యమ్మమ్మయే ఆషాఢమాసపు బోనములలో ఎల్లమ్మ గుడి ముంగిట జటలతో శివసత్తు కనబడినచో చేతులు జోడించును. జట యన నేమో తెలిసికొన్నచో ఆ నొచ్చుకోలును, ఈ భయభక్తులును గూడ కొంత సర్దుకొనును.

మన తలనుండి దినమునకు 50 మొదలు 100 వరకు వెండ్రుకలు రాలుట సహజము. దువ్వుకొనువారికి అవి దువ్వెనలోనికి వచ్చును. దువ్వనివారి తలలో అవి కుదురు వదలియు క్రిందపడక, పెరుగుచున్న వెండ్రుకలను చుట్టుకొనును. వెండ్రుకపై చేపపొలుసులవంటి సన్నని పొర లుండుటచే నొకదాని నొకటి పట్టుకొని చిక్కువడును. నెలలు గడచిన కొలది ఆ చిక్కు బిగిసి జట యగును. ఉంగరాల జుట్టు త్వరగా కట్టును. మనలో పెక్కుమందికుండు సాఫైన జుట్టు ఆలస్యముగను, ఎగుడుదిగుడుగను కట్టును.

జటలను సహజముగా పెంచుకొను పడుచులకు మొదటి చింత విడివెండ్రుకలే. కుదుళ్లయొద్ద రేగియు, నొసటిపై చెదరియు నుండు వీనిని చూచి వారు విసిగి, అన్నిటిని ఒక్కసారిగా అణచివేయ జూతురు. వెండ్రుక నెలకు సుమారు అరయంగుళము మాత్రమే పెరుగును. క్రొత్తగా మొలచినవి జట నందుకొనుటకు కొన్ని నెలలు పట్టును. తొందరపడి చేయు పనులవలననే నష్టము కలుగును.

తలంటుకొనిన పిమ్మట జుట్టు కొంచెము తడిగా నున్నప్పుడు, ప్రక్కప్రక్క జటలను కుదుళ్లయొద్ద వ్రేళ్లతో మెల్లగా విడదీయవలెను. అట్లు చేయనిచో రెండు మూడు కలిసి యొకటే ముద్దయగును. చెదరిన వెండ్రుకలను దగ్గరి జటకు చుట్టి, అరచేతుల నడుమ కొంచెము నలిపిన చాలును. నొసటియొద్దను, చెవులయొద్దను ఉండు నూగువెండ్రుకలను వాని మానాన విడుచుట మేలు. వానిని బిగించి మెలిపెట్టినచో కుదుళ్లు లాగబడి, కాలక్రమమున నచట జుట్టు మొలవకపోవచ్చును. లేసులల్లు కొక్కెపుసూదితో మాటిమాటికి లోనికి లాగినచో వెండ్రుకలు నడుమ తెగును. మైనము పూసినచో నది కడిగినను వదలక దుమ్మును పట్టును.

మన యలవాటుచొప్పున ఆముదముగాని, కొబ్బరినూనెగాని దట్టముగా పట్టించుట జటలకు పనికిరాదు. మాడు పొడిగా నున్నచో వ్రేలికొనతో నొకటిరెండు చుక్కలు అద్దుకొనవచ్చును. శీకాయపొడి జటలలో చిక్కుకొని వదలదు. వడగట్టిన కుంకుడురసముగాని షాంపూగాని వాడి, నురుగు మిగులకుండ నీటితో కడుగవలెను. అన్నిటికంటె ముఖ్యము ఆరబెట్టుట. తడిజటలతో నిద్రించినచో లోపల బూజుపట్టి ముక్కవాసన వచ్చును. కావున ప్రొద్దుటిపూటనే తలంటుకొని, తుండుతో పిండి, ఎండలో ఆరనీయవలెను. వారమున కొకసారి పాయలు తీసి, మాడునందు పుండ్లుగాని పేలుగాని యున్నవేమో తల్లి చూచుట మంచిది.

ఇంతవరకు కోరి పెంచుకొనిన జటలను గూర్చి చెప్పితిమి. కోరకయే కట్టిన జట సంగతి వేరు. పనిపాటలలో తీరిక లేకయో, జబ్బున పడియో, నెలల తరబడి తల దువ్వని బాలికకు జుట్టు అట్టకట్టును. ఎల్లమ్మను కొలుచు తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర ప్రాంతములలో దీనిని అమ్మవారి పిలుపని తలంచువారు కలరు. దువ్వెన తాకింపరాదనియు, కత్తిరించిన కీడు మూడుననియు భయపెట్టుదురు. ఆ భయమే ముదిరి కొందరు బాలికలను జోగినులుగా దేవతకు విడుచుటకు దారి తీసినది. ఈ దురాచారమును శిక్షార్హము చేయుచు ఆంధ్రప్రదేశమున 1988లో చట్టము వచ్చినది. నిజామాబాదు జిల్లాలో శ్రీమతి హేమలతా లవణము జోగినుల విముక్తికై పాటుపడిన సంగతి పాఠకురాండ్రు కొందరెరుగుదురు.

ఈ భయము మన దేశమునకే చెందినది కాదు. పోలెండు దేశమున నట్టకట్టిన జుట్టును కత్తిరించిన రోగము ముదురునని ప్రజలు శతాబ్దములపాటు నమ్మిరి. 19వ శతాబ్దమున క్రాకో నగర వైద్యుడు యూజెఫ్ డీటల్ ఆ నమ్మకముపై పోరాడి, అది తలను శుభ్రపరచకపోవుటవలన కలుగునదని బోధించెను. వెండ్రుకలో నరములు లేవు, రక్తము లేదు. కత్తిరించినప్పుడు దేహమునకు నొప్పియే తెలియదు. కత్తిరింప నిష్టము లేనిచో, నూనెలో నానబెట్టి, కొసలనుండి పైకి మెల్లగా కొంచెము కొంచెముగా చిక్కుదీయవచ్చును. పాతజట కిది దినముల పని. ఒకరు తల పట్టుకొనగా ఒకరు చిక్కుదీయవలెను.

ఇంటి ఆడుబిడ్డ కోరి జటలు పెంచుకొన్నచో ఆమెను నిందింపక, తల శుభ్రముగా నుంచుకొనుటకు తోడ్పడుడు. పనిమనిషి బిడ్డకో, పొరుగు బిడ్డకో జట కట్టినదని వినినచో, ఆ మాట గుడిదాక పోకముందే ఆమె తల్లిని పిలిచి, ఆ పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. గిన్నెడు నూనెయు, ఒక దువ్వెనయు, ఒక మధ్యాహ్నపు తీరికయు ఆ పిల్ల బ్రతుకును నిలుపగలవు.