మీకు తెలుసా? పారేసిన పండగ ఎపిసోడ్‌ను ప్రేక్షకులే దాచారు

మీకు తెలుసా? 1965 డిసెంబరు 25, శనివారం సాయంత్రం బ్రిటన్‌లో ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ కథానాయకుడు చేతిలో గ్లాసు పట్టుకుని తిన్నగా కెమెరా వైపు తిరిగాడు. తెర ముందు కూర్చున్న వాళ్లందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పాడు. ఆ సీరియల్ ‘డాక్టర్ హూ’. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. పోలీసు టెలిఫోన్ పెట్టెలా కనిపించే కాలయంత్రంలో యుగాలూ గ్రహాలూ తిరిగే ‘డాక్టర్’ అనే ఒక పెద్దాయన కథ అది. ఆ పాత్రలో నటించినవాడు విలియం హార్ట్‌నెల్. ఆ రోజు వచ్చిన భాగం పేరు ‘ద ఫీస్ట్ ఆఫ్ స్టీవెన్’.

అప్పుడు నడుస్తున్నది 12 వారాల పెద్ద కథ. డాలెక్‌లనే క్రూర జాతి విశ్వాన్ని చెరబట్టబోతోంది, కథానాయకుడి వెంట వచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. అంత ఉత్కంఠలో ఏడో వారం క్రిస్మస్ రోజునే పడింది. పండగపూట చావులెందుకని డాలెక్‌లను పక్కన పెట్టి ఆ ఒక్క భాగాన్నీ నవ్వులాటగా తీశారు. కాలయంత్రం వెళ్లి ఒక పోలీస్ స్టేషన్ ముందు దిగుతుంది. అక్కడినుంచి మూకీ సినిమాలు తీసే హాలీవుడ్ సెట్ మీద పడి అంతా గందరగోళం చేస్తుంది.

ప్రేక్షకులకు అది నచ్చలేదు. ముందు వారం ఆ సీరియల్‌ను 91 లక్షల మంది చూస్తే పండగ రోజు చూసినవాళ్లు 79 లక్షలు. బీబీసీ అప్పట్లోనే కొంతమంది ప్రేక్షకులను ఎంచుకుని, కార్యక్రమం ఎలా ఉందో వాళ్ల చేత మార్కులు వేయించేది. నూటికి ముందు వారం 56 వచ్చాయి. క్రిస్మస్ భాగానికి 39. తర్వాతి వారం డాలెక్‌లు తిరిగి రాగానే 49కి ఎగబాకింది, చూసేవాళ్లు 96 లక్షలయ్యారు.

ఈ 39ని చూపించి ఆ భాగం చెత్తదని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పండగ రోజు టీవీ ముందుకు చేరేది వారం వారం కథ పట్టుకున్న ప్రేక్షకుడు ఒక్కడే కాదు. మన నవాగామ్‌నే తీసుకోండి. సూరత్‌లో నవాగామ్, డిండోలీ, లింబాయత్ వైపు తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి సాంచల (మరమగ్గాల) మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, పద్మశాలీలు మరీ ఎక్కువ. సంక్రాంతి, అంటే ఇక్కడి ఉత్తరాయణ్, వచ్చిందంటే పిల్లలంతా పతంగులతో డాబా మీదే ఉంటారు. కింద గదిలో సకినాలు ముందు పెట్టుకుని తాత, అత్త, కోడలు, ఊరి నుంచి వచ్చిన చుట్టం ఏదో ఒక సీరియల్ పండగ ప్రోగ్రాం చూస్తుంటారు. వాళ్లలో ఆ సీరియల్ ముందూ వెనకా తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో. తెలిసినవాళ్లకు కథ ఆగిపోయిందని విసుగు, తెలియనివాళ్లకు ఇదేమిటో అర్థంకాక తికమక. ఇద్దరినీ ఒకేసారి మెప్పించడం ఎంత కష్టమో ఆ 39 చెబుతోంది.

మీకు తెలుసా? ఆ క్రిస్మస్ భాగం ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. అప్పట్లో వీడియో టేపు చాలా ఖరీదు. ప్రసారం అయిపోయాక దాన్ని తుడిచేసి, అదే టేపు మీద ఇంకో కార్యక్రమం రికార్డు చేసుకునేవారు. విదేశాలకు అమ్మదలచిన వాటిని మాత్రం ముందుగా ఫిల్ము మీదికి ఎక్కించి ఉంచేవారు. క్రిస్మస్ దాటాక క్రిస్మస్ ఎపిసోడ్‌ను ఎవరు కొంటారు? అందుకని ఆ కథను 11 భాగాలుగానే అమ్మకానికి పెట్టారు, ఏడో భాగానికి ఫిల్ము ప్రతి తీయనే లేదు. టేపు తుడిచేసిన రోజుతో బొమ్మ శాశ్వతంగా పోయింది. ఆ సీరియల్ తొలి ఆరేళ్ల భాగాల్లో ఇలా మాయమై ఇప్పటికీ దొరకనివి 90కి పైనే.

మాయమైనవాటిలో ఇంకొన్ని ఊహించని చోట్ల బయటపడ్డాయి. ఈ డాలెక్‌ల కథలోనే రెండు భాగాలు 1983లో లండన్‌లోని ఒక చర్చి నేలమాళిగలో దొరికాయి. ఇంకో కాలం నాటి తొమ్మిది భాగాలు నైజీరియాలోని జోస్ నగర టీవీ కేంద్రంలో దొరికినట్టు 2013లో ప్రకటించారు. క్రిస్మస్ భాగానికి ఆ ఆశ కూడా లేదు, ఎందుకంటే అది ఏ దేశానికీ వెళ్లలేదు.

అయినా దాన్ని ఇవాళ వినొచ్చు! ఇళ్లలో వీడియో రికార్డర్లు లేని రోజుల్లో కొందరు కుర్రాళ్లు టీవీ స్పీకరు దగ్గర మైకు పెట్టి, ఇంకొందరు టీవీకే తీగ కలిపి, టేప్ రికార్డర్ మీద ప్రతి వారం శబ్దం పట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు, పైసా రాదు, పనికొస్తుందన్న నమ్మకమూ లేదు. ఇష్టం కొద్దీ చేశారు. ఆ అభిమానుల పుణ్యమా అని మాయమైన ప్రతి భాగానికీ శబ్దం మిగిలింది. 39 మార్కుల క్రిస్మస్ భాగమూ అందులో ఉంది. ఆ కథలో డాక్టర్ తోటి ప్రయాణికుడు స్టీవెన్‌గా నటించిన పీటర్ పర్వ్స్ వ్యాఖ్యానం జోడించి, బొమ్మ లేనిచోట ఏం జరుగుతోందో చెప్పిస్తూ, బీబీసీ 2001లో మొత్తం కథను ఆడియో సీడీలుగా విడుదల చేసింది. సంస్థ పారేసినదాన్ని ప్రేక్షకులు దాచి, దాని చేతికే తిరిగి ఇచ్చారన్నమాట. ప్రేక్షకుల స్పందన అనగానే మనకు మార్కులూ తిట్లూ పొగడ్తలే గుర్తొస్తాయి. నా దృష్టిలో ఇంతకంటే గొప్ప స్పందన లేదు.

మీకు తెలుసా? ఈ సీరియల్ మొట్టమొదటి కథకు దర్శకుడు మనవాడే. లక్నోలో పుట్టిన వారిస్ హుసేన్ 1963లో దాన్ని తీసేనాటికి ఇరవై నాలుగేళ్లు. నిర్మాత వెరిటీ లాంబర్ట్. పురుషులే ఏలుతున్న బీబీసీ నాటక విభాగంలో ఒక యువతి, ఒక భారతీయ యువకుడు కలిసి దాన్ని నిలబెట్టారు. ఇటీవలి కథల్లో డాక్టర్‌కు తోడుగా కనిపించిన వరద సేతు కేరళలో పుట్టిన అమ్మాయి.

మీకు తెలుసా? చూసేవాళ్లు ఎక్కువున్నా ఒక్కోసారి లాభం ఉండదు. ‘డాక్టర్ హూ’లోని మరకుక్క కే-9ని ముఖ్యపాత్రగా పెట్టి 1981 డిసెంబరు 28న ఒక పండగ ప్రత్యేకం వేశారు. ఆ సాయంత్రమే ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతానికి బొమ్మ అందించే వింటర్ హిల్ ట్రాన్స్‌మిటర్ చెడిపోయింది. ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో తెర ఖాళీ. అయినా 84 లక్షల మంది చూశారు, సీరియల్‌గా కొనసాగిస్తే బాగుంటుందనుకున్నారు. ఈలోగా ఛానల్ అధిపతి మారాడు, ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

అట్లాంటిక్‌కు అవతల ఇంకా పెద్ద కథ నడిచింది. ‘స్టార్ వార్స్’ సినిమా 1977లో ప్రపంచాన్ని ఊపేశాక 1978 నవంబరు 17న అమెరికాలో సీబీఎస్ ఛానల్ రెండు గంటల ‘స్టార్ వార్స్ హాలిడే స్పెషల్’ ప్రసారం చేసింది. ఒళ్లంతా బొచ్చున్న చ్యూబాకా తన సొంత గ్రహానికి, లైఫ్ డే పండగకు వెళ్లాలి. ఇంట్లో భార్య, కొడుకు, తండ్రి ఎదురుచూస్తుంటారు. తెర తెరుచుకోగానే ఆ కుటుంబం తమ గురగుర భాషలోనే చాలాసేపు మాట్లాడుకుంటుంది. కింద అక్షరాల్లో అర్థం కూడా వేయలేదు. మధ్యలో వంటల హాస్యం, రాక్ బృందం పాట, సర్కస్ ఫీట్లు. యుద్ధనౌకల కోసం ఆత్రంగా కూర్చున్న పిల్లలకు దిక్కుతోచలేదు. సీబీఎస్ దాన్ని మళ్లీ వేయలేదు. ఇవాళ్టి వరకూ పూర్తి కార్యక్రమం అధికారికంగా విడుదల కాలేదు కూడా.

ఇక్కడా కాపాడింది ఇళ్లే. 1978 నాటికి అమెరికాలో వీసీఆర్ ఉన్న ఇళ్లు చాలా తక్కువ. ఆ కొద్దిమంది ఆ రాత్రి రికార్డు చేసుకున్న క్యాసెట్ల నుంచి ప్రతులు, ఆ ప్రతుల నుంచి ప్రతులు పుట్టాయి. బొమ్మ అలుక్కుపోయి, మధ్యలో అప్పటి ప్రకటనలతో సహా, చేతులు మారుతూ బతికింది. బోబా ఫెట్ అనే ముసుగు వేటగాడు మొదటిసారి కథలోకి అడుగుపెట్టింది ఆ కార్యక్రమంలోని చిన్న కార్టూన్ ముక్కలోనే. కెనడాలో నెల్వానా సంస్థ తీసిన ఆ ముక్క ఒక్కటే 2021లో డిస్నీ ప్లస్‌లోకి వచ్చింది. నవంబరు 17ను అభిమానులు ఇప్పటికీ లైఫ్ డేగా జరుపుకుంటారు. తిట్టుకుంటూ చూసినదే వాళ్లకు పండగైంది.

మీకు తెలుసా? తెలుగు పల్లెల మీదికి ఆకాశం నుంచి తొలిసారి దిగిన టీవీ కార్యక్రమాలు గుజరాత్ గడ్డ మీదుగా వెళ్లాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా నాసా ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఇస్రో చేసిన ‘సైట్’ ప్రయోగమది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు పెద్ద గొడుగుల్లాంటి యాంటెన్నాలు, టీవీలు ఇచ్చారు. ఉపగ్రహానికి కార్యక్రమాలు పంపిన ప్రధాన భూకేంద్రం అహ్మదాబాద్‌లో ఉండేది. అక్కడి అంతరిక్ష వినియోగ కేంద్రానికి అప్పటి సారథి ప్రొఫెసర్ యశ్‌పాల్. ప్రసారం చేసి ఊరుకోకుండా పరిశోధకులను పల్లెల్లోనే నివాసం ఉంచి, జనం ఏం చూశారు, ఏం అర్థమైంది, ఏది విసుగనిపించింది అని అడిగి రాయించారు. మన దేశంలో ప్రేక్షకుడి మాటకు అంత విలువ ఇచ్చిన సందర్భాలు తక్కువ. ఇంకో ముచ్చట: ఉపగ్రహాల ద్వారా ప్రపంచమంతటికీ ప్రసారాలు చేయొచ్చని 1945లోనే రాసిన సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ కొలంబోలో ఉండేవాడు. ఇస్రో ఇంజినీర్లు వెళ్లి ఆయన ఇంటి మీదా ఒక యాంటెన్నా బిగించి వచ్చారు. తన ఊహ నిజమై ఇంటికి రావడాన్ని ఆయన కళ్లారా చూశాడు.

అన్ని స్పందనలూ మార్కుల్లో ఇమడవు. 2007 క్రిస్మస్‌కు ‘డాక్టర్ హూ’లో ‘వాయేజ్ ఆఫ్ ద డామ్డ్’ వచ్చింది. టైటానిక్ పేరు పెట్టుకున్న అంతరిక్ష నౌక ప్రమాదంలో పడే కథ, గాయని కైలీ మినోగ్ నటించింది. కోటీ 33 లక్షల మంది చూశారు. 2005లో ఈ సీరియల్‌ను తిరిగి మొదలుపెట్టాక అప్పటిదాకా అన్ని కళ్లు దేనికీ రాలేదు. కానీ ఒకామె బాధపడింది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు మిల్వినా డీన్ రెండు నెలల పసిగుడ్డు. తల్లి, అన్నతోపాటు బతికి బయటపడింది, తండ్రి తిరిగి రాలేదు. 2007 నాటికి ఆ ఓడలో ప్రయాణించి ఇంకా బతికున్నది 95 ఏళ్ల ఆమె ఒక్కతే. అంత విషాదాన్ని వినోదంగా మార్చడం మర్యాద కాదని ఆమె అన్నది. ఇది అంతరిక్ష నౌక కథ, ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదని బీబీసీ బదులిచ్చింది. బీబీసీ మాట అబద్ధం కాదు. అయినా ఆ కోటీ 33 లక్షల పక్కన ఈ ఒక్క మాటనూ రాసి ఉంచాల్సిందే.

2005 నుంచి 2017 దాకా వరుసగా 13 క్రిస్మస్‌లకు ఈ సీరియల్ వచ్చింది. 2019 నుంచి కొన్నేళ్లు జనవరి 1కి జరిపారు, 2023లో తిరిగి క్రిస్మస్‌కే తెచ్చారు. 2024 క్రిస్మస్ భాగం బ్రిటన్‌లో సాయంత్రం 5:10కి మొదలైంది. అప్పుడు నవాగామ్‌లో రాత్రి 10:40, రాత్రిపాళీ వాళ్లు సాంచల దగ్గర నిలబడి ఉండే వేళ.

ఇక మన ఇళ్ల సంగతి. హైదరాబాద్ దూరదర్శన్ టవర్ ప్రసారం సూరత్‌కు అందేది కాదు. 1995లో ఈటీవీ వంటి ఛానళ్లు ఉపగ్రహం మీద మొదలై కేబుల్ తీగలోంచి వచ్చాక ఇక్కడి తెలుగువాళ్లకు ఉగాదికీ సంక్రాంతికీ సొంత భాషలో పండగ ప్రోగ్రాం చూసే వీలు పెరిగింది. అప్పటి ప్రోగ్రాంలు ఎవరి దగ్గర ఉన్నాయి? పెళ్లి క్యాసెట్ చివర మిగిలిన జాగాలో ఎవరైనా ఏ పండగ కార్యక్రమమో రికార్డు చేసుకుని ఉండొచ్చు. 2006 ఆగస్టులో తాపీ వరద ఈ నగరంలో చాలా భాగాన్ని ముంచేసింది, ఎన్నో ఇళ్ల సామాను నీళ్లపాలైంది. మిగిలినవాటికి తేమ, బూజు శత్రువులు. పైగా చివరిదాకా వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునై కూడా 2016 జులైలో ఆపేసింది, పాడైతే విడిభాగాలు దొరకడం కష్టం. అటక మీద అలాంటి క్యాసెట్ ఉంటే ముందు బూజు ఉందేమో చూడండి. ఉంటే యంత్రంలో పెట్టకండి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. బాగుంటే డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు మధ్యలో వచ్చే ప్రకటనలను కోసేయకుండా ఉంచండి, ఏ ఏడాదిదో తేల్చడానికి అవే ఆధారం. ఛానల్ పేరు, ఏ పండగ, ఆ రోజు ఎవరెవరు కలిసి చూశారో ఒక కాగితం మీద రాసి దానితో పాటే పెట్టండి.