చెరువు గట్టున ఆకు కోసిన పెద్దలు

గడచిన రెండు సంవత్సరాలలో మా ఇస్నాపూర్‌లో ముగ్గురు వృద్ధులు కాలం చేశారు. ముగ్గురికీ ఎనభై ఏండ్లు దాటినవి. ఒకరు గొర్ల కాపరి. ఒకరు తాళ్లెక్కిన గౌడు. మూడవవారు రెండెకరాల మెట్ట రైతు; మా నాన్నగారికి వరుసకు అన్న, నాకు పెద్దనాయన. వీరిలో ఎవరికీ వైద్యుడన్న పేరు లేదు. గోడకు బోర్డు లేదు, చేతికి రుసుము లేదు. అయినను నా చిన్నతనంలో ఊరిలో దగ్గు పట్టినా, పసిరికలు సోకినా, కాలు బెణికినా జనం మొదట తలుపు తట్టినది ఈ మూడిళ్లలో ఒకదానిదే. పెద్దనాయన దశదినకర్మకు వెళ్లి వచ్చిన నాటినుండి వీరిని గురించి నాలుగు మాటలు వ్రాయవలెనన్న తలంపు నన్ను విడువలేదు.

ఇస్నాపూర్ ఎక్కడున్నదో తెలియని పాఠకులు ఉండవచ్చును. హైదరాబాదు నుండి ముంబయి పోయే జాతీయ రహదారిపై పటాన్‌చెరు దాటిన తరువాత వస్తుంది. ఒకప్పటి మెదక్ జిల్లా, 2016 నుండి సంగారెడ్డి జిల్లా. నేడు చౌరస్తాలో బస్సు దిగితే కనిపించేవి లారీలు, కర్మాగారాల ప్రహరీ గోడలు, దూరదేశాల నుండి పనికి వచ్చినవారు ఉండే అద్దె గదులు. 1970 దశకంలో పటాన్‌చెరులో పరిశ్రమలు మొదలైనవి, ఆపైన మా పొరుగున పాశమైలారం వరకు విస్తరించినవి. విచిత్రమేమనగా, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలపై ప్రపంచానికంతటికీ పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ 1972లో వెలసినది కూడా పటాన్‌చెరు వద్దనే. ఆ జొన్నను తిని ఎనభై ఏండ్లు బ్రతికిన మనుషులు ఆ పక్క ఊళ్లలోనే ఉండేవారు.

వారి దినచర్య

తెల్లవారుజామున కోడి కూతకు ముందే ముగ్గురూ లేచేవారు. కానుగ పుల్లతో గాని వేపపుల్లతో గాని పండ్లు తోముకొనేవారు. కానుగను దంతధావనానికి వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పియున్నాడని వారికి తెలియదు; చేతికందే చెట్టు, పండ్లకు హాయి, అంతే. పొద్దున చల్లలో కలిపిన జొన్న గటక. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర. దీపాలు పెట్టే వేళకు రాత్రి భోజనం ముగిసేది. పెద్దనాయన తన డెబ్బయ్యవ ఏట కూడా పటాన్‌చెరు అంగడికి నడిచే పోయేవాడు.

ఇట్లా వ్రాస్తున్నానని, వెనుకటి వారందరూ ఆరోగ్యవంతులని పాఠకులు భ్రమపడకూడదు. ఆ ముగ్గురి ఈడువారిలో నలభై నిండకుండానే పోయినవారు ఊరిలో ఎందరో ఉన్నారు. వారి కథ చెప్పడానికి ఎవరూ మిగలలేదు. గౌడు తాత జీవితాంతం చుట్ట కాల్చాడు. చివరి పదేండ్లు ఆయన దగ్గు మూడిళ్ల అవతలికి వినపడేది. పెద్దనాయన తన వయసుకాలంలో పసిరికల పిల్లలకు ముంజేతిమీద వాత పెట్టేవాడు. ఒక పసివాడికి ఆ పుండు చీముపట్టి ప్రాణం మీదికి వచ్చిన తరువాత జీవితంలో మరల వాత పెట్టలేదు. ఆ సంగతి తానే చెప్పుకొనేవాడు, దాచుకొనేవాడు కాదు. వాత వలన కామెర్లు తగ్గవు. ఈనాటికీ పెట్టించేవారున్నారు కనుక ఇంత విపులంగా వ్రాయవలసి వచ్చింది.

మేకల పరీక్ష

గొర్ల కాపరి తాతకు గొంగడి, కర్ర, భుజాన సంచి తప్ప వేరే ఆస్తి లేదు. ఆ సంచిలో ఎప్పుడూ ఏవో ఆకులుండేవి. దగ్గుకు అడ్డసరం ఆకు ఇచ్చేవాడు. నాలుగు ముదురాకులను ఆవిరిపై మెత్తబరచి పిండి, ఆ రసం ఒక చెంచా తేనెతో కలిపి పూటకొకసారి, మూడు నాలుగు దినాలు. దేనినైనా మేసే మేక అడ్డసరాన్ని మాత్రం ముట్టదు. తాత ఆ ఆకును గుర్తుపట్టడం మాకు నేర్పినది మేకలను చూపించియే. గర్భిణికి మాత్రం ఇచ్చేవాడు కాదు. ఆయన చెప్పినది సరియైన మాటే; అడ్డసరానికి గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణమున్నదని నేటి శాస్త్రం కూడా చెప్పుచున్నది.

ఒళ్లు నొప్పులకు వావిలాకు. రెండు మూడు గుప్పెళ్ల ఆకును పెద్ద గిన్నెడు నీటిలో సగపాలు నీరు రంగు మారేవరకు కాచి, ఆ నీటిని స్నానపు నీటిలో కలుపుకొని పోసుకోవాలి. పొలం పని చేసి వచ్చిన రాత్రి మా అమ్మ ఇప్పటికీ చేసేది అదే.

ఊరిలో నీరు చెడినదని మొట్టమొదట చెప్పినది కూడా ఈ తాతే. మందను నక్కవాగు దాకా తోలుకొని పోయేవాడు. ఒకనాడు గొర్రెలు నీటి దగ్గర మూతి పెట్టి, త్రాగకుండా వెనక్కు తిరిగినవట. “దప్పికతోని అరుస్తున్నయి గని నీళ్లు ముడ్తలేవు” అని సాయంత్రం గద్దెమీద చెప్పాడు. వినినవారు నవ్వారు. ఆ ఏడాదే మందలో చాలా జీవాలు చనిపోయినవి. నవ్వినవారిలో మా నాన్నగారు కూడా ఉన్నారు. ఆయన ఈ మాటను తలచుకొని చాలాకాలం బాధపడ్డారు.

తరువాతి కథ దేశానికంతటికీ తెలిసినదే. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్య వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరినది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టరు కిషన్‌రావుగారు దశాబ్దాలపాటు ఆ పోరాటాన్ని మోశారు. 2007లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రం నుండి వెలువడే నీటిని పరీక్షించగా, సిప్రోఫ్లాక్సాసిన్ అనే సూక్ష్మజీవి నాశక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించినది. శుద్ధి చేసిన తరువాతి నీరది! 2009లో ప్రచురించిన మరొక పరిశోధనలో ఈ ప్రాంతపు చెరువులలోను, గ్రామాల బావులలోను మందుల అవశేషాలు తేలినవి. వ్యాధిని పోగొట్టడానికి పుట్టిన మందు ఆ విధంగా వాగులో పారితే, ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు అక్కడ వృద్ధి పొందుతాయి.

కోయని ఆకు

ఇప్పుడు పెద్దనాయన దగ్గరకు వస్తాను. ఆయన చేతి మందులలో ఊరంతా నమ్మినది గుంటగలగరాకు నూనె. చెరువు గట్టు తడిలో ఆ మొక్క విరివిగా మొలిచేది. వేరుతో సహా తెచ్చి, కడిగి, దంచి, పిండిన రసాన్ని సమంగా నువ్వులనూనెతో కలిపి, సన్నని మంటపై నీరంతా ఇగిరేవరకు కాచేవాడు. చిటపట శబ్దం ఆగితే నూనె దిగినట్లు. మా ఇంటి ఆడవారి తలలకు సంవత్సరం పొడవునా అదే నూనె. జ్వరాలకు తుంగముస్తలు కూడా ఆ గట్టునుండే తవ్వి తెచ్చేవాడు.

1990 దశకపు తొలి రోజులలో ఒక వానాకాలం మా అక్క నూనె కొరకు మనిషిని పంపింది. పెద్దనాయన కాచలేదు. మరుసటి సంవత్సరమూ కాచలేదు. గట్టుమీద ఆకు మునుపటికంటె పచ్చగా, ఏపుగా ఉన్నది కదా అని నేను అడిగాను.

“చెర్వు ఏం తాగితే ఆకు గదే తాగుతది బిడ్డా. గది మీ నెత్తికెట్ల రాస్త?” అన్నాడు.

అంతే. ఆనాటినుండి చివరి దినం వరకు ఆ గట్టుమీద ఆయన ఒక్క ఆకు కోయలేదు. మందు అడిగి వచ్చినవారిని వట్టి చేతులతో పంపడం ఆయనకు ఎంత కష్టంగా ఉండేదో నేను చూశాను. అడిగినవారు రెండు మూడుసార్లు తిరిగి, ఆ మీదట రావడం మానుకొన్నారు. ఊరిలో ఒక వైద్యం అట్లా ఆగిపోయినది. చేసేవాడు మరణించక ముప్పై సంవత్సరాల ముందే ఆగిపోయినది.

చాలా కాలానికి చరకసంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయమనే మూడవ అధ్యాయం చదువుతూ ఉలిక్కిపడ్డాను. పాంచాల దేశపు కాంపిల్య నగరం దగ్గర, గంగాతీరాన, వేసవి చివర శిష్యులతో నడుస్తూ పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునితో అంటాడు: ఋతువులు వికృతిని పొందుచున్నవి, త్వరలో భూమి ఓషధులకు తగిన రసవీర్యాలను ఈయజాలదు, కనుక నేల చెడకముందే మందు మొక్కలను సేకరించి పెట్టుకొనుమని. గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ చెడినప్పుడు ఊళ్లకు ఊళ్లే రోగగ్రస్తమవుతాయని ఆ అధ్యాయం చెప్పుచున్నది. వేర్వేరు ప్రకృతులు కల మనుషులకు ఒకేసారి ఒకే వ్యాధి ఎట్లా వస్తుందన్న అగ్నివేశుని సందేహానికి గురువు ఇచ్చిన సమాధానమది. కల్పస్థానం మొదటి అధ్యాయంలో శ్మశానం, పుట్ట, చవుడు నేల వంటి చోట్ల మొలిచిన మొక్కలను మందుకు తీసికొనరాదన్న నియమం కూడా కలదు. చదువురాని పెద్దనాయన ఆ జాబితాకు మా చెరువు గట్టును తానే చేర్చుకొన్నాడు.

నగరాలలోని పాఠకులకు ఇది పుస్తకాల ముచ్చటగా కాక రోజువారీ అవసరంగా తోచవలెను. రహదారి అంచున, మురుగుకాలువ ప్రక్కన, పారిశ్రామికవాడల చెరువుల చుట్టూ మొలిచిన ఆకును ఎంత పచ్చగా ఉన్నా కోయవద్దు. మొక్క వేళ్లతో పీల్చుకొన్న సీసం, కాడ్మియం వంటి లోహాలు ఆకును ఎన్నిసార్లు కడిగినా పోవు, కాచినా పోవు. తడి నేలలో పెరిగే నీటి బ్రాహ్మి వంటివి ఇట్టి లోహాలను అధికంగా కూడబెట్టుకొంటాయని పరిశోధకులు గుర్తించారు. అంగడిలో కట్టలుగా అమ్మే ఆకు ఎక్కడిదో అడిగి కొనండి. గుంటగలగర, అడ్డసరం, తులసి, తిప్పతీగ మన ఇంటి కుండీలలోనే పెరుగుతాయి.

కామెర్లకు పెద్దనాయన ఇచ్చినది నేల ఉసిరి. గట్టును విడిచి తన మెట్ట చేనులోని మొక్కనే వాడేవాడు. సమూలంగా నూరి ఉసిరికాయంత ముద్దను గ్లాసుడు పలుచని మజ్జిగలో కలిపి పరగడుపున ఇచ్చేవాడు. ఉప్పుకారాలు తగ్గించి చప్పిడి భోజనం. అయితే మందు ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడిగేవాడు. మలం సున్నంవలె తెల్లగా పోవుచున్నదా? మనిషి మగతగా, మాట తడబడుతూ ఉన్నాడా? వచ్చినది కడుపుతో ఉన్న స్త్రీయా? మూడింటిలో ఏ ఒక్కటి ఔనన్నా మందు నూరేవాడు కాదు. “గిది నా చేతిల లేదు, దవాఖానకు కొంచబోండ్రి” అని తానే వెంట బయలుదేరేవాడు. పైత్యనాళంలో అడ్డంకి, కాలేయం చేయెత్తివేయడం, గర్భిణుల కామెర్లు ఎంత ప్రమాదకరమో వైద్యులను అడిగితే తెలుస్తుంది. నేను ఇంకొక మాట చేరుస్తున్నాను: కామెర్లు కనిపించిన ఎవరైనా మొదట రక్తపరీక్ష చేయించుకోవలెను, నేల ఉసిరి ఆ తరువాతి మాట. పసరు పేరు, కొలత ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఎవరికి ఈయరాదో ఆయన ముఖం చూసి చెప్పేవాడు, ఆ చూపును మాకెవరికీ నేర్పలేదు. మేము అడగలేదు కూడా.

ఇట్టివారి మరణం పత్రికలకెక్కడం అరుదు. ఖమ్మం దగ్గరి రెడ్డిపల్లి గ్రామానికి చెందిన దరిపల్లి రామయ్యగారికి ఆ గౌరవం దక్కినది. జేబునిండా విత్తనాలతో సైకిలు తొక్కుతూ కోటికి పైగా మొక్కలు నాటారని పేరు తెచ్చుకొన్న వనజీవి ఆయన. 2017లో పద్మశ్రీ పొందారు, 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. కోయల చరిత్రను డోలు మీద పాడి నిలిపి, 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్యగారు అంతకు ముందు సంవత్సరమే వెళ్లిపోయారు. రామయ్యగారి మరణవార్త వచ్చిననాడు పెద్దనాయన ఇంకా ఉన్నాడు, మంచం పట్టియున్నాడు. చదివి వినిపిస్తే, “మంచిగ జేసిండు. ఇత్తులు సంచిలనే ఉంటే ఏం లాభం” అన్నాడు.

దశదినకర్మ నాడు ఆయన మనుమడు నన్ను ప్రక్కకు పిలిచాడు. పాశమైలారంలో ఒక కంపెనీలో పనిచేస్తాడు, షిఫ్టు మార్చుకొని వచ్చాడు. జేబులోనుండి ఒక వాడిన మొక్క తీసి, “చిన్నాయనా, తాత కామెర్లకు నూరేది ఇదేనా?” అని అడిగాడు. ఆకుల అడుగున వరుసగా సన్నని కాయలు. నేల ఉసిరియే. ఎక్కడ దొరికినదంటే, కంపెనీ ప్రహరీ గోడ మొదట్లోనట.

మందుకు పనికిరాదని చెప్పాను. పారవేయబోయాడు, వద్దన్నాను. కాగితంమీద ఎండబెట్టి, కాయలు చిట్లిన తరువాత ఆ ఆవగింజకంటె సన్నని విత్తనాలను ఇద్దరం పంచుకొన్నాము. నా వాటాను ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపిన కుండీలో చల్లి, పైన పలుచగా మట్టి జల్లాను. వానలు పడిన తొమ్మిదవ నాడు నాలుగు మొలకలు లేచినవి. అతనికి ఫోను చేసి చెప్పితే, వాని కుండీలో ఆరు వచ్చినవన్నాడు.