రోజంతా చదివినా మార్కులు రావట్లేదా? ముందు మీ మంచి గంటలేవో చూసుకోండి

సీఏ ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "పొద్దస్తమానం పుస్తకం ముందే ఉంటాడు, మరి పాస్ ఎందుకు కావట్లేదు?" చాలాసార్లు కష్టపడటంలో లోటు ఉండదు. మెదడు చురుగ్గా ఉన్న సమయం వేరే పనులకు పోతుంది, అలసిపోయిన సమయం చదువుకు మిగులుతుంది.

పరీక్ష లెక్క ఇదీ. సీఏ ఇంటర్‌లో ఆరు పేపర్లు, గ్రూపుకు మూడు చొప్పున రెండు గ్రూపులు. ఒక్కో పేపర్ 100 మార్కులకు, మూడు గంటలు. ప్రతి పేపర్లో కనీసం 40 రావాలి, గ్రూపు మొత్తంలో 50 శాతం ఉండాలి. అంటే మూడు పేపర్లలోనూ 45 చొప్పున తెచ్చుకున్నా గ్రూపు పోయినట్టే. అందుకే కష్టమైన సబ్జెక్టును పక్కన పెట్టి నెట్టుకురావడం ఇక్కడ కుదరదు.

ఒక వారం రాసి చూడండి

నిద్ర లేవగానే అరగంట వరకు మత్తు వదలదు. తర్వాత చురుకుదనం పెరుగుతుంది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య తగ్గుతుంది, సాయంత్రం మళ్లీ కాస్త లేస్తుంది. చాలామందికి ఇంతే. అయితే ఇరవై ఏళ్ల వయసు వాళ్లలో కొందరికి రాత్రిపూటే బుర్ర బాగా పనిచేస్తుంది. అది బద్ధకం కాదు, ఆ వయసులో శరీరం తీరే అంత.

కాబట్టి పక్కింటి అబ్బాయి టైంటేబుల్ కాపీ కొట్టొద్దు. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని, వారం రోజులు ప్రతి నమాజ్ తర్వాత ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేసుకోండి. చదివింది ఎక్కితే ఐదు, అదే పేజీ మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తే ఒకటి. వారం తిరిగేసరికి మీ మంచి గంటలేవో కాగితం మీదే కనిపిస్తాయి.

రోజు ఇలా కట్టుకోవచ్చు

ఫజర్ తర్వాత బాగా ఎక్కుతుందని తేలితే ఆ రెండు గంటలు అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కాస్టింగ్, ట్యాక్స్ లెక్కలకు ఇవ్వండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. హైదరాబాద్‌లో జూన్‌లో 5:40 ప్రాంతంలోనే సూర్యుడు వస్తాడు, జనవరిలో 6:45 దాటుతుంది. అందుకని గడియారం చూసి కాకుండా జమాత్ టైమును బట్టి మొదలుపెడితే ఏ కాలంలోనైనా అలవాటు చెదరదు.

జుహర్ తర్వాత ఇరవై నిమిషాలు ఖైలూలా చాలు. గంట పడుకుంటే లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది. అసర్ తర్వాత ఆడిటింగ్, లా లాంటి థియరీ పేపర్లు రాసి ప్రాక్టీస్ చేయండి. మగ్రిబ్ నుంచి ఇషా దాకా పొద్దున చదివింది రివిజన్. కొత్త చాప్టర్ రాత్రి మొదలుపెట్టకండి.

వీటన్నిటికీ అసలు పునాది నిద్ర. కనీసం ఏడు గంటలు కావాలి. ఇషా తర్వాత తాగిన చాయ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది. అర్ధరాత్రికి గానీ దస్తర్‌ఖాన్ వేయని దావత్‌లు వారంలో రెండు పడ్డాయంటే ఆ రెండు పొద్దులూ పోయినట్టే. పరీక్షల ముందు రెండు నెలలు పిల్లలను దావత్‌లకు పిలవకుండా వదిలేయండి, బంధువులు అర్థం చేసుకుంటారు.

అమ్మానాన్నలు చేయాల్సింది

ఇక్కడే అసలు తేడా పడుతుంది. ఫజర్ తర్వాత అబ్బాయి పుస్తకం తీస్తాడు, అమ్మాయి వంటింట్లోకి వెళ్తుంది. నాష్తా, తమ్ముళ్ల టిఫిన్ బాక్సులు, గిన్నెలు అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. పరీక్ష ఇద్దరికీ ఒకటే కదా! ఆమె వంతు పని మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతకు మార్చండి. పొద్దుటి పని అన్నదమ్ములు పంచుకోవచ్చు. దుకాణంలో కూర్చునే అబ్బాయి విషయంలోనూ అంతే, షట్టర్ తీసే పని అతనికి కాకుండా సాయంత్రం గల్లా అప్పగించండి.

చివరి నెలలో చిన్న మార్పు

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఉంటుంది. సరిగ్గా శరీరం బరువెక్కే టైమ్. అందుకే ఆఖరి నెలలో ఖైలూలా మానేసి, తేలికగా తిని, వారానికి రెండు మూడు సార్లు అదే టైమ్‌కు పూర్తి పేపర్ రాయండి. పరీక్ష శుక్రవారం పడితే జుమా ఎక్కడ చదవాలి, సెంటర్‌కు ఎన్నింటికి చేరాలి అన్నది ముందే చూసుకోండి.

మొదటి వారం రెండు రోజులు తప్పినా ప్లాన్ చింపేయకండి. మూడో రోజు మళ్లీ ఫజర్ నుంచి మొదలుపెట్టండి. ఈ రాత్రికి చేయాల్సిన పని మాత్రం ఒక్కటే, ఇంట్లో అందరూ కూర్చుని రేపు పొద్దున ఎవరి పని ఎవరు చేస్తారో మాట్లాడుకోండి.