మెసేజ్ వెనుక చీకటి గది

తెలియని నంబరు నుంచి ‘హాయ్, గుర్తున్నానా?’ అని మెసేజ్ వస్తుంది. డీపీలో నవ్వుతున్న అమ్మాయి. రెండు రోజులు కబుర్లు. మూడో రోజు చిన్న ‘టాస్క్’: వీడియోకి లైక్ కొడితే ఖాతాలో కొంత డబ్బు పడుతుంది. నమ్మకం కుదిరాక పెట్టుబడి పెట్టమంటారు. పెట్టింది తిరిగి రాదు. దీన్ని మనం సైబర్ మోసం అంటాం, నెత్తురు చిందని నేరం అనుకుంటాం. ఆ మెసేజ్ టైపు చేసిన చేతుల దాకా వెళ్తే సంగతి వేరు.

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు ఆ చేతులను చూపించింది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు గాజువాక చుట్టుపక్కల కుర్రాళ్లను నమ్మించారు. ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకున్నారు. విమానం దిగింది బ్యాంకాక్‌లో. అక్కడి నుంచి కంబోడియా సరిహద్దు దాటించి, పాస్‌పోర్టులు లాక్కుని, చైనా ముఠాలు నడిపే భవనాల్లో అప్పగించారు. దొంగ ప్రొఫైళ్లతో మనవాళ్లనే మోసం చేయడం అక్కడి పని. చేయనన్నవాళ్లను చీకటి గదుల్లో పెట్టి హింసించారు. ఒక్క విశాఖ నుంచే సుమారు 150 మంది ఇలా వెళ్లారని పోలీసుల అంచనా.

సోషల్ మీడియా మనుషుల్ని హింసకు పురిగొల్పుతుందా అన్నది తరచూ వినే ప్రశ్న. ఇక్కడ లంకె తిరగబడింది. హింసే ఆ మెసేజ్‌లను పుట్టిస్తోంది. మోసానికి భాష కావాలి, ఓపిక కావాలి, రోజంతా చాటింగ్ చేసే మనుషులు కావాలి. తెలుగువాడిని నమ్మించాలంటే తెలుగు మాట కావాలి. జీతమిచ్చి ఇంతమందిని పెట్టుకోవడం కంటే భయపెట్టి చేయించుకోవడం ముఠాలకు చవక. అక్కడ దెబ్బ కూడా పెట్టుబడే. కంబోడియాలో ఇలా చిక్కుకున్నవారు లక్ష మంది దాకా ఉంటారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది.

2024 మే 20న కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో సుమారు 300 మంది భారతీయులు ఈ ముఠాలకు ఎదురుతిరిగారు. మోసానికి దారైన సోషల్ మీడియాలోనే, వాట్సాప్ వీడియోలుగా వాళ్ల గోడు విశాఖ పోలీసులకు చేరింది. కొద్ది రోజుల్లోనే తొలి విడత కుర్రాళ్లు విశాఖ విమానాశ్రయంలో దిగారు.

తిరిగొచ్చినవాళ్లను ఎలా చూడాలి? వాళ్లు పంపిన మెసేజ్‌ల వల్ల ఎవరో పింఛను డబ్బు పోగొట్టుకుని ఉండొచ్చు. ఆ నష్టం నిజం. కానీ కొట్టి చేయించిన పనికి, కోరి చేసిన పనికి తేడా ఉంది. వాళ్లను ముందు బాధితులుగా వినాలి. ఏజెంటు ఎవరో, డబ్బు ఎటు వెళ్లిందో చెప్పగలిగేదీ వాళ్లే. దొంగలన్న ముద్ర వేస్తే ఆ నోళ్లు మూతపడతాయి, ఏజెంటు ఇంకో బ్యాచ్‌ని ఎక్కిస్తాడు.

మన వంతుగా చేయగలిగినవి రెండున్నాయి. డబ్బు పోతే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంట్లో పిల్లాడు ఉద్యోగానికని విదేశానికి బయల్దేరుతుంటే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి, వీసా కాగితం చేతిలోకి తీసుకుని చదవాలి. ఉద్యోగానికని చెప్పి చేతికిచ్చిన వీసా మీద ‘టూరిస్ట్’ అని ఉంటే, ఆ ప్రయాణం మన గుమ్మంలోనే ఆగిపోవాలి.