జేబులో మిగిలే కార్డు ఏది?
హంగులకన్నా అక్షరమే ముఖ్యం

కొత్తగా దుకాణం తెరిచే చిన్న వ్యాపారి మొదట బోర్డు రాయించుకుంటాడు. ఆ వెంటనే చేయించుకునేది విజిటింగ్ కార్డు. పత్రికలలో ప్రకటనలకు వేల రూపాయలు వెచ్చించలేని ఎలక్ట్రీషియన్లకు, బోరు మోటార్ల మెకానిక్కులకు, ఎరువుల డీలర్లకు మూడున్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు గల ఈ అట్టముక్కే ప్రధాన ప్రచార సాధనం. అందువల్లనే అది అందుకున్నవారి జేబులో మిగిలిందా, చెత్తబుట్ట పాలైందా అన్నది వారికి బేరానికి సంబంధించిన విషయం.

మన దేశంలో కార్డు ఆయుష్షు చాలాకాలం పాటు ముద్రణ నాణ్యతపై కాక ప్రభుత్వ నిర్ణయాలపై ఆధారపడింది. 1991లో ఆర్థిక సంస్కరణలు ప్రారంభమైన తరువాత ఈ మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1995లో బొంబాయి ముంబై అయింది. 1996లో మద్రాసు చెన్నై అయింది. 2001లో కలకత్తా కోల్‌కతాగా మారింది. దేశంలో తొలి మొబైల్ సంభాషణ జరిగినది 1995 జూలై 31న కాగా, సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినది అదే సంవత్సరం ఆగస్టు 15న. దాంతో పేజర్ నంబరు, సెల్ నంబరు, ఈ-మెయిల్ చిరునామా ఒకదాని కింద ఒకటి కార్డులోకి చొచ్చుకువచ్చాయి. 2002-2003 ప్రాంతంలో ల్యాండ్‌లైన్ నంబర్లకు ముందు 2 అంకె చేర్చడంతో హైదరాబాదులో ఏడంకెల నంబరు ఎనిమిదంకెలైంది. అప్పటికే వేయించుకున్న కార్డులను పారవేయలేక పెన్నుతో 2 చేర్చి పంచినవారూ ఉన్నారు. పెన్నుతో దిద్దిన కార్డు వ్యాపారి పొదుపును చాటుతుందేమో గాని, పరువును మాత్రం పెంచదు.

2011 జనవరిలో దేశవ్యాప్తంగా నంబర్ పోర్టబిలిటీ ప్రవేశపెట్టిన తరువాత, కంపెనీ మారినా సెల్ నంబరు మార్చుకోవలసిన అగత్యం తప్పింది. ఆ తరువాతనే విజిటింగ్ కార్డుకు కొంత స్థిరత్వం చేకూరిందని చెప్పవచ్చు.

ఇక ముద్రణ విషయానికి వస్తే, తమిళనాడులోని శివకాశి పేరు చెప్పుకోక తప్పదు. వర్షపాతం తక్కువగా ఉండే ఆ పట్టణపు పొడి వాతావరణం అగ్గిపెట్టెల తయారీతో పాటు ముద్రణకూ అనుకూలించింది. అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్ల అవసరం నుంచే అక్కడ ప్రెస్సులు విస్తరించాయి. ఢిల్లీలోని చావ్‌రీ బజారు, హైదరాబాదులోని ఛత్తా బజారు ప్రధానంగా శుభలేఖలకు పేరుపడినప్పటికీ, విజిటింగ్ కార్డులూ అక్కడ పెద్ద ఎత్తున తయారవుతాయి. ఆఫ్‌సెట్ యంత్రంపై పెద్ద కాగితం మీద పలువురు ఖాతాదారుల కార్డులను కలిపి ముద్రించి కోయడం వల్ల రంగుల కార్డు చవకైంది. అయితే చవకతో పాటు సామ్యమూ వచ్చింది. రియల్ ఎస్టేట్ ఏజెంటుకు ఇల్లు బొమ్మ, దంతవైద్యునికి పన్ను బొమ్మ, మిగిలిన వారందరికీ కరచాలనం చేస్తున్న రెండు చేతులు! కంప్యూటరులో సిద్ధంగా ఉన్న నమూనాలో పేరు మార్చి ఇచ్చే కార్డు ఎవరిదో మరునాటికి గుర్తుండదు.

గుర్తుండే కార్డుకు కావలసినవి తక్కువే. వ్యక్తి పేరు, చేసే పని, ఒక ఫోను నంబరు చేయి చాచిన దూరం నుంచి కనబడాలి. ముదురు రంగు నేలపై తెల్లని సన్న అక్షరాలు వేస్తే ముద్రణలో సిరా పాకి అక్షరాలు పూడుకుపోతాయి. తెలుగులో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. పైన గుడులు, కింద ఒత్తులు ఉండటం వల్ల ఇంగ్లీషు పంక్తులకు సరిపోయే ఎడం మన లిపికి చాలదు. గ్రామాలలో తిరిగే డీలరు ఒకవైపు పూర్తిగా తెలుగులో, మరోవైపు ఇంగ్లీషులో వేయించుకోవడం ఉత్తమం. ఆకు ఆకారంలోనో, గుండ్రంగానో కోయించిన కార్డు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గాని పర్సులో అమరదు.

హోదా కోసం కార్డుపై మూడు సింహాల గుర్తు వేయించుకునే వారు మరొక తెగ. 2005 నాటి రాజ చిహ్న దుర్వినియోగ నిషేధ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ చిహ్నాన్ని వాడితే రెండేళ్ల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. 2007లో రూపొందిన నిబంధనల మేరకు మాజీ మంత్రులు, మాజీ పార్లమెంటు సభ్యులు, పదవీ విరమణ చేసిన అధికారులకు సైతం ఆ హక్కు లేదు.

జపాన్‌లో 1994లో రూపొందిన క్యూఆర్ కోడ్ ఇప్పుడు కార్డుపైకి కూడా ఎక్కింది. దానిని ఫోనుతో చూస్తే నంబరు దానంతటదే నమోదవుతుంది గనుక అంకె పొరబడే అవకాశం లేదు. కోడ్ చుట్టూ తెల్లని ఖాళీ వదలకుండా బొమ్మలతో నింపితే మాత్రం ఫోను దానిని చదవలేకపోవచ్చు. చదవగలిగినప్పటికీ, ఫోనులో చేరిన వందలాది పేర్లలో మోటారు మెకానిక్కు ఎవరో ఆరు నెలల తరువాత వెతికి పట్టుకోవడం అంత సులువు కాదు.

ఈ విషయంలో అట్టముక్కకు ఒక అనుకూలత ఉంది. అందుకున్న వ్యక్తి దాని వెనుకవైపు 'బోరు మోటారు, రేటు మాట్లాడాలి' అని రాసుకుంటాడు. రెండువైపులా మెరిసే లామినేషన్ వేయించిన కార్డుపై బాల్ పెన్ను జారిపోతుంది. కాగా, వెనుకవైపు లామినేషన్ వద్దని చెబితే ఖర్చు కూడా కొంత తగ్గుతుంది.