వాట్లు చూసి మోసపోకమ్మా

అమ్మడూ, నువ్వు రాసుకొచ్చిన సామాన్ల జాబితా చూశాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ. అన్నీ చక్కగా ఎంచుకున్నావు. ఆఖరి వరసలో మాత్రం ‘ఎస్ఎంపీఎస్ 450 వాట్స్, ఏదైనా’ అని రాశావు. ఆ ‘ఏదైనా’ దగ్గరే నాకు అభ్యంతరం. ర్యామ్ పాడైతే సాధారణంగా ర్యామ్ ఒక్కటే పోతుంది. కంప్యూటరుకి కరెంటు అందించే పవర్ సప్లయి ఈ ఎస్ఎంపీఎస్. నాసిరకంది పోతే, పోతూ పోతూ పక్కవాటినీ వెంట తీసుకుపోవచ్చు. కాసేపు కూర్చో, చెబుతాను.

గోడలో ప్లగ్గు దగ్గర మనకు దొరికేది 230 వోల్టుల ఏసీ కరెంటు. కంప్యూటరుకి కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. పాత రేడియోల్లో వోల్టేజీ తగ్గించే పనిని ఇనప రేకుల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ చేసేది. ఎస్ఎంపీఎస్ తీరు వేరు. వచ్చిన ఏసీని ముందే డీసీ చేసేస్తుంది. దాన్ని ట్రాన్సిస్టర్లతో సెకనుకు వేలసార్లు, లక్షసార్లు ముక్కలు ముక్కలుగా కోసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. అంత చిన్నది ఎలా సరిపోతుందంటావా? బావి నుంచి తొట్టికి నీళ్లు మోస్తున్నావనుకో. సెకనుకి యాభైసార్లే తిరగగలిగితే ప్రతిసారీ పెద్ద బిందె కావాలి. అదే లక్షసార్లు తిరగగలిగితే చిన్న గరిటె చాలు. ఈ పద్ధతి ముందునుంచీ ఉన్నదే. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటరుకి రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు ఇలాంటి సప్లయినే తయారుచేశాడు. వేడి తక్కువ కాబట్టి ఆ కంప్యూటరు ఫ్యాను లేకుండానే పనిచేసింది.

ఇక లెక్కలోకి వద్దాం. నీ ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లని ఉంటుంది గానీ, గట్టిగా పనిచేసేటప్పుడు అది 88 వాట్ల దాకా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు 115. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 50 వేసుకో. మొత్తం 250 వాట్ల చిల్లర. ‘మరి 450 ఎక్కువే కదా తాతయ్యా’ అంటావు. ఆ 450 నిజమైతే ఎక్కువే!

నిజమో కాదో తేల్చేది పెట్టె మీది పెద్ద అంకె కాదు, ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన లేబులు. అందులో 12 వోల్టుల గడి చూడు, ఎన్ని ఆంపియర్లో చదివి 12తో హెచ్చవేయి. 16 ఆంపియర్లు అని ఉంటే 192 వాట్లే. పెట్టె మీద 450 అని ఎంత పెద్దక్షరాలతో వేసినా నీ కంప్యూటరుకి అది చాలదు. మంచి 550 వాట్ల సప్లయిలో ఆ గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. దాదాపు బలమంతా 12 వోల్టుల మీదే ఉందన్నమాట.

12 వోల్టుల మీదే ఎందుకంటే, నేటి ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ రెండూ అక్కడినుంచే కరెంటు తీసుకుంటాయి. ప్రాసెసర్ లోపల పనిచేసేది ఒక వోల్టుకి కాస్త పైన. 88 వాట్లను 1.2 వోల్టుల దగ్గర ఇవ్వాలంటే 73 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు ఆ సన్నటి తీగల్లో పంపితే తీగలు కాలిపోతాయి. అదే 12 వోల్టుల దగ్గరైతే ఏడెనిమిది ఆంపియర్లు చాలు. అలా తెచ్చి, ప్రాసెసర్ పక్కనే మదర్‌బోర్డు మీద 1.2కి దించుతారు. పాత కంప్యూటర్లలో బరువంతా 5, 3.3 వోల్టుల మీదే ఉండేది. 2000లో పెంటియం 4 వచ్చినప్పుడు ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా 12 వోల్టుల కనెక్టర్ పెట్టారు. చవక సప్లయిలు కొన్ని ఇప్పటికీ 5, 3.3 గడుల్లో ఆంపియర్లు నింపి మొత్తం వాట్లు పెద్దవి చేసి చూపిస్తాయి. నీకు అవి అక్కరకు రావు.

250 వాట్ల అవసరానికి 550 వాట్ల సప్లయి ఎందుకు తీసుకోమంటున్నానో చెబుతాను విను. గ్రాఫిక్స్ కార్డు చెప్పిన వాట్ల దగ్గరే బుద్ధిగా కూర్చోదు. కళ్లు మూసి తెరిచేలోపు ఎన్నోసార్లు పైకెగిరి దిగుతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 నిబంధనలు ఇందుకే, కొత్తరకం గ్రాఫిక్స్ కనెక్టరుండి 450 వాట్లు దాటిన సప్లయిలు సెకనులో పదివేలో వంతు సేపు రెట్టింపు బరువు మోయగలగాలన్నాయి. 4060 కార్డుకి దాని కంపెనీ ఎన్వీడియా చెప్పేదీ 550 వాట్లే. ముందుముందు పెద్ద కార్డు మీద మనసుంటే ఇప్పుడే 650 తీసుకో. పెద్దది కొంటే కరెంటు బిల్లు పెరుగుతుందని భయపడకు. నీ భాగాలు ఎంత అడిగితే అంతే ఇస్తుంది.

బిల్లు తేల్చేది సామర్థ్యం. 250 వాట్లు బయటికిచ్చే సప్లయి సామర్థ్యం 80 శాతమైతే గోడ నుంచి 312 లాగుతుంది, 62 వాట్లు ఉత్త వేడిగా పోతాయి. 90 శాతమైతే లాగేది 278, పోయేది 28. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు ఈ సంగతే చెబుతాయి. అయితే ఆ పరీక్షలు జరిగేది ఇంచుమించు 23 డిగ్రీల గదిలో. మన రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఎస్ఎంపీఎస్‌లో ముందుగా ముసలయ్యేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగం అవుతుంది. అందుకే ‘ఇన్ని వాట్లు 50 డిగ్రీల దగ్గర’ అని కంపెనీ రాసిచ్చిందా, వారంటీ అయిదేళ్లయినా ఉందా అని చూడమంటాను. పాడైతే మాత్రం విప్పకు. ప్లగ్గు తీసిన తరవాత కూడా లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు.

యూపీఎస్ సంగతి కూడా చెబుతాను. 600 వీఏ అని రాసినవాటిలో చాలావాటికి నిజమైన శక్తి 360 వాట్లే. నీ కంప్యూటరూ మానిటరూ కలిస్తే అంచుకి వచ్చేస్తాయి, కాస్త పెద్దది కొనుక్కో.

చివరగా, డబ్బు ఖర్చుకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలా ఇళ్లలో కంప్యూటర్ క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. ఎస్ఎంపీఎస్ పాడైందనుకుని మార్చేస్తారు, కొత్తదీ అలాగే అంటుంది. ఎస్ఎంపీఎస్ ముఖద్వారంలో ఫిల్టరు కోసం లైనుకీ, న్యూట్రలుకీ, ఇనప పెట్టెకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు సరిగా ఉంటే వాటిలోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే పెట్టె మొత్తం 115 వోల్టుల దగ్గర వేలాడుతూ ఉంటుంది. కరెంటు తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ లోపల ఇన్సులేషన్ ఏదైనా దెబ్బతిన్న రోజున కాపాడాల్సింది ఆ మూడో పిన్నే. కాబట్టి తల్లీ, దుకాణానికి వెళ్లేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి నీ గదిలో ఎర్తింగ్ చూపించుకో.