ఒక్కటే కొనాలి, ఏం కొంటారు?

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎదుటివాణ్ని వెక్కిరిస్తూనే, ఆ సోమలింగానికి జాతకం కూడా రాయించేసే అలవాటు మనవాళ్లది. పెళ్లింట భోజనాలయ్యాక అరుగు మీదో, రాత్రి రైల్లో ఎదురెదురు బెర్తుల మీదో ఎవరో ఒకరు అందుకుంటారు: ‘‘రేపొద్దున కోటి రూపాయలు వచ్చిపడ్డాయనుకో, ఏం చేస్తావ్?’’ మొదటి జవాబు ఎప్పుడూ పెద్ద జాబితానే. ఇల్లు, కారు, అమ్మకు కాశీయాత్ర, చెల్లి పెళ్లి, మిగిలితే నాలుగెకరాల పొలం. అప్పుడు అడిగినవాడు మెలిక పెడతాడు: ‘‘అవన్నీ కాదు. ఒక్కటే కొనాలి.’’ అంతవరకు గుక్క తిప్పుకోకుండా చెప్పినవాడు అక్కడ బుర్ర గోక్కుంటాడు.

2014లో మా టీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టాక ఈ కాలక్షేపం ప్రశ్న ఇంటింటి ప్రశ్న అయింది. గెలిచిన డబ్బుతో ఏం చేస్తారని హాట్ సీట్లో ఉన్నవాళ్లను అడగడం ఆ ఆటలో ముచ్చట. జవాబుల్లో వస్తువులు తక్కువ. అప్పు తీర్చాలి, పిల్లల్ని చదివించాలి, అమ్మానాన్నలను సొంతింట్లో ఉంచాలి. 2021లో జెమినీలో జూనియర్ ఎన్టీఆర్ నడిపిన ‘ఎవరు మీలో కోటీశ్వరులు’లో కోటి గెలిచిన తెలంగాణ సబ్ ఇన్‌స్పెక్టర్ కోరికైతే ఏ దుకాణంలోనూ దొరికేది కాదు. ఆయనకు షూటింగ్‌లో ఒలింపిక్ పతకం కావాలి.

కలలో కోటి వేరు, చేతికందే కోటి వేరు. లాటరీ అయినా గేమ్ షో అయినా గెలిచిన సొమ్ముపై ఆదాయపు పన్ను 30 శాతం. వేరే ఆదాయం ఏమీ లేదనుకున్నా, కోటి మీద పన్ను 30 లక్షలు, దానిపై 10 శాతం సర్‌చార్జి 3 లక్షలు, ఆ మొత్తంపై 4 శాతం సెస్సు 1.32 లక్షలు. వెరసి 34.32 లక్షలు పోగా మిగిలేది 65.68 లక్షలు. దాంతో ఇల్లే కొందామంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు వగైరా కలిపి మన రెండు రాష్ట్రాల్లోనూ సాధారణంగా 7.5 శాతం దాకా కట్టాలి. లెక్క తేలేసరికి కోటి రూపాయల మేడ కాస్తా 61 లక్షల ఫ్లాటు అవుతుంది. అందులో కప్‌బోర్డులు, ఫ్యాన్లు మళ్లీ వేరే.

ఊహలో కొనేటప్పుడు ఈ లెక్కలేవీ గుర్తుకు రావు. అంతమాటెందుకు, నిజంగా జేబులోంచి తీసేటప్పుడూ రావు. షేన్ ఫ్రెడరిక్ బృందం 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 14.99 డాలర్ల వీడియో ఒకటి కొంటారా అని కొందరిని అడిగారు. కొంటాను, కొనను అన్న రెండు జవాబులే ఇచ్చినప్పుడు నూటికి 75 మంది కొంటామన్నారు. ‘కొనను’ పక్కనే ‘ఆ 14.99 డాలర్లు వేరే వాటికి ఉంచుకుంటాను’ అని కలిపి అడిగితే కొంటామన్నవాళ్లు 55 మందికి పడిపోయారు. డబ్బు తమ దగ్గరే ఉంటుందని ఎవరికి మాత్రం తెలియదు? అయినా ఒకరు చెబితేగానీ తట్టలేదు. రైల్లో మిత్రుడు పెట్టే మెలికా ఇదే పని చేస్తుంది. ఒకటి కొంటున్నావంటే మిగతావి వదులుకుంటున్నట్టేనని మొహమాటం లేకుండా చెబుతుంది.

డబ్బుకు కొదవే లేనివాళ్లు ఈ ఆట ఆడితే ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ కంటే మంచి చోటు లేదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన బట్టలు మళ్లీ తొడగరని పేరు. 1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ జాకబ్ ఒక వజ్రం బేరం తెచ్చాడు. దక్షిణాఫ్రికా గనుల్లో పుట్టిన రాయి. సానబట్టాక బరువు 184.75 క్యారెట్లు, అంటే దాదాపు 37 గ్రాములు, పాత లెక్కలో మూడు తులాలు దాటుతుంది. మధ్యవర్తి నిజాం ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ అబిడ్. నేటి అబిడ్స్‌కు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది. జాకబ్ కోటీ ఇరవై లక్షల నుంచి మొదలుపెట్టి 46 లక్షలకు దిగాడు. అందులో సగం, 23 లక్షలు ముందుగానే చెల్లింపు. తీరా బ్రిటిష్ రెసిడెంటు అభ్యంతరపెట్టాడు. నిజాం వజ్రం వద్దు, డబ్బు తిరిగిమ్మన్నారు. జాకబ్ ఇవ్వలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. అంతటి ప్రభువు ఒక కమిషన్ ముందు వాంగ్మూలం ఇవ్వాల్సొచ్చింది. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు కానీ వ్యాపారంలో మళ్లీ కోలుకోలేదు. చివరికి వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. ఆయనకు మాత్రం దాని మొహం చూడబుద్ధి కాలేదు.

తండ్రి పోయాక ఆయన చెప్పు ముందు భాగంలో ఆ రాయి దొరికిందని, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నారని చెబుతారు. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా సంపన్నుడంటూ ముఖచిత్రం వేసిన మనిషి ఆ వజ్రానికి అప్పగించిన ఉద్యోగం అదీ! 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నిజాం నగలను 218 కోట్లకు కొన్నప్పుడు జాకబ్ వజ్రం కూడా వాటితోపాటు వెళ్లింది. ఎప్పుడైనా ప్రదర్శన పెడితే తప్ప రిజర్వు బ్యాంకు ఖజానా దాటి రాదు.

ఆ రోజుల్లోనే ఊరికి దక్షిణాన గుట్ట మీద ఇంకొకరి కల లేస్తోంది. పాయిగా వంశపు ప్రభువు వికార్ ఉల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమాకు పునాది వేశారు. ఇటలీ పాలరాయి, నూటొక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, దాదాపు 40 లక్షల ఖర్చు. అంతటి నవాబు కూడా అప్పుల్లో కూరుకుపోయారు. అతిథిగా వచ్చిన నిజాం మహలును మెచ్చుకోవడం, నవాబు మర్యాదకు ‘మీదే అనుకోండి’ అనడం, నిజాం సరేననడం, ఖరీదు తర్వాత ముట్టజెప్పడం అంటూ ఊళ్లో రకరకాలుగా చెప్పుకుంటారు. ఏదైతేనేం, 1897 ప్రాంతంలో మహలు చేతులు మారింది. కట్టినవాడికి అందులో గడిపిన కాలం కన్నా కట్టించడానికి పట్టిన కాలమే ఎక్కువ. 2010 నుంచి అది తాజ్ వారి హోటలు.

ఒక్కటితో ఆగలేని మనిషీ ఇక్కడే ఉన్నారు. మూడో సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్ 1914లో దివాన్ పదవి వదులుకుని, 1949లో కన్నుమూసేదాకా కొంటూనే పోయారు. పింగాణీ, గడియారాలు, కత్తులు, దంతపు బొమ్మలు, ఏది కనిపిస్తే అది. పెళ్లి చేసుకోలేదు, వారసుల్లేరు. 1951లో నెహ్రూ ఆ ఇంటిని మ్యూజియంగా ప్రారంభించారు. వీళ్లందరిలో సుఖపడ్డవాడు ఈయనేనేమో! ఏది కొన్నా చివరిది కాదన్న ధీమా ఉంది మరి.

ఈ ఆటను తలకిందులు చేసిన కథ కూడా మనకు బాగా పరిచయమే. 1902లో అమెరికా రచయిత మెకచెన్ రాసిన ‘బ్రూస్టర్స్ మిలియన్స్’లో కుర్రాడికి తాత పది లక్షల డాలర్లు వదిలి పోతాడు. ఏడాదిలో అది దమ్మిడీ మిగలకుండా ఖర్చు పెడితే మామ ఆస్తి 70 లక్షలు వస్తుంది. ఆ తీగే పట్టుకుని 1954లో ఎన్టీఆర్‌తో ‘వద్దంటే డబ్బు’ తీశారు. 1997లో రజనీకాంత్ ‘అరుణాచలం’లో 30 రోజుల్లో 30 కోట్లు ఖర్చు చేయాలి, పేరున ఆస్తి మిగలకూడదు. గెలిస్తే 3,000 కోట్లు. నవలైనా సినిమా అయినా హాస్యమంతా ఒకచోటే పుడుతుంది. వదిలించుకుందామంటే డబ్బు పోదు.

కథలు సరే, నిజంగా తగిలినవాళ్ల మాటేమిటి? మన రెండు రాష్ట్రాల్లో లాటరీ టికెట్ల అమ్మకం లేదు కాబట్టి కేరళకు పోవాలి. అక్కడ ప్రభుత్వమే 1967లో లాటరీ శాఖ పెట్టింది. మొదట్లో టికెట్ ఒక్క రూపాయి, మొదటి బహుమతి 50,000. 2022 ఓణం బంపర్‌కు టికెట్ 500, బహుమతి 25 కోట్లు. అది తిరువనంతపురం ఆటో డ్రైవరు ఒకరికి తగిలింది. ఏజెంటు కమీషను, మూలంలో పన్ను పోను 15.75 కోట్లన్నారు. ఏం కొనాలో తేల్చుకునే తీరిక ఆయనకు దొరకలేదు. సాయం అడిగేవాళ్లు తెల్లారకముందే గుమ్మంలో ఉండేవారు. ఇల్లు మారాల్సొచ్చింది. గెలవకుండా ఉంటేనే బాగుండేదని కొద్ది రోజులకే ఆయనే అన్నారు.

అలాగని లాటరీ తగిలిన వాళ్లంతా చెడిపోతారనడం అత్తగారి సాధింపులాంటిదే. స్వీడన్‌లో విజేతలను ఏళ్ల తరబడి గమనించి ఎరిక్ లిండ్‌క్విస్ట్ తదితర ఆర్థికవేత్తలు 2020లో ఫలితాలు ప్రచురించారు. జీవితం పట్ల వాళ్ల సంతృప్తి పెరిగింది, పదేళ్లు దాటాక కూడా తగ్గలేదు. వాళ్లు ఒక్క పెద్ద వస్తువు మీద పడిపోలేదు, డబ్బును ఏళ్ల మీద సర్దుకుని వాడుకున్నారు.

కేరళ లాటరీ శాఖకు కూడా ఇది అర్థమైనట్టుంది. విజేతలకు పెట్టుబడులు, పన్నుల గురించి చెప్పే శిక్షణ తరగతి మొదలుపెట్టింది. 2023లో మొదటి తరగతికి పిలిచింది ఆ ఓణం బంపర్ విజేతలనే.